కుర్చీ ఎవరికి అప్పజెప్పాలి

మొదటి రోజు సాయంత్రం ఐదున్నరకు డ్యూటీ అయిపోయింది. కుర్చీలోంచి లేచి, దాన్ని బల్ల కిందికి తోసి, పక్కనే నిలబడ్డాను. నా తర్వాత వచ్చే మనిషి కోసం.

ఆ హాల్లో ముప్పై మందిమి. ఒక్కొక్కరే సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోతున్నారు. ఒక్కొక్క తెరా నల్లబడుతోంది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పడం లేదు. నా చేతిలో నోటుబుక్కు ఉంది. ఆ రోజు నాకొచ్చిన తొమ్మిది ఫిర్యాదుల్లో ఏది ఎంతవరకు వచ్చిందో, తెల్లారి ఏది ముందు చూడాలో వరసగా రాసి పెట్టుకున్నాను. ఆరయింది. ఆరుంబావు అయింది. ఊడ్చే ఆవిడ వచ్చి, నా కాళ్ల చుట్టూ కాస్త చోటు వదిలేసి మిగతా హాలంతా ఊడ్చింది.

"ఎవరికోసమమ్మా, అలా కాపలా కాస్తున్నావు?" అంది.

"నా తర్వాత డ్యూటీకి వచ్చేవాళ్ల కోసం."

ఆవిడ చీపురు గోడకు ఆనించి నన్ను ఎగాదిగా చూసింది. "నీ తర్వాత వచ్చేదాన్ని నేనే. అప్పజెప్పేదేదో నాకే అప్పజెప్పి ఇంటికెళ్లు."

ఇక్కడ కుర్చీ ఎవరికీ అప్పజెప్పక్కర్లేదని అప్పుడు తెలిసింది.

ఆస్పత్రిలో పదహారేళ్లు నర్సుగా పనిచేశాను. వార్డులో నా తర్వాతి సిస్టర్ వచ్చి నిలబడేదాకా కదలడానికి లేదు. బస్సు తప్పిపోయినా, కొంపలు మునిగినా అంతే. ఆమె వచ్చాక ఇద్దరం కలిసి ప్రతి మంచం దగ్గరా ఆగుతాం. ఫైలులో రాసినవి ఆమె చదువుకోగలదు. నోటితో చెప్పాల్సినవి వేరే ఉంటాయి. "నాలుగో బెడ్డు తాతకి జ్వరం తగ్గింది. నీళ్లు మాత్రం తాగడు. గ్లాసు చేతికిస్తే పారబోస్తాడు, దగ్గరుండి తాగించు. ఏడో బెడ్డావిడ కొడుకు వస్తానన్నాడు. రాడు. ఆవిడ అడిగితే రాడని నువ్వు చెప్పకు." ఇలా. చివరి మంచం దాటాక గాని భుజాల మీద బరువు దిగేది కాదు. దిగిందంటే మాత్రం మళ్లీ డ్యూటీకి వెళ్లేదాకా ఆ మనుషుల బాధ్యత నాది కాదు. నాకు నిద్ర పట్టించింది ఆ దిగడమేనని ఇప్పుడు తెలుస్తోంది.

ఒకరోజు రోగిని మంచం మీంచి స్ట్రెచర్ మీదికి మారుస్తుంటే నడుములో పుటుక్కుమంది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టుకుని చూసి, "ఇకమీద నీళ్ల బకెట్ కూడా ఎత్తకు" అన్నాడు. కూర్చుని చేసే పని ఏదైనా ఇప్పించమని ఆస్పత్రివాళ్లను అడిగాను. అలాంటి పని లేదన్నారు. నిజమే, ఆస్పత్రిలో కూర్చునేది రోగుల బంధువులొక్కళ్లే.

నాకు నలభై ఒకటి. పెళ్లి రెండేళ్లే నిలిచింది, ఆ సంగతి ఇక్కడ అక్కర్లేదు. ఒక గది, ఒక వంటగట్టు, కిటికీలోంచి చూస్తే ఎదురింటివాళ్ల బట్టల తీగ. అంతే నా సంసారం.

కంప్యూటర్ పని నేర్చుకుంటానంటే చెల్లెలు పడీ పడీ నవ్వింది. "దానికి జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యేసి చూస్తావా అక్కా?" అంది. దాని మొగుడు, మా మరిది, నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"వదినగారూ, దానికి సంబంధించిన డిగ్రీ లేకపోతే గుమ్మం కూడా ఎక్కనివ్వరు. నా స్నేహితుడొకడున్నాడు, అన్నీ తయారుచేసి పెడతాడు. డిగ్రీ, మూడేళ్ల అనుభవం, పాత మేనేజరు ఫోన్ నంబరుతో సహా. అందరూ అలాగే ఎక్కుతున్నారు."

"ఎక్కాక దించేస్తే నడుం విరుగుతుందయ్యా. నాకున్నది ఒక్క నడుం, అదీ సగమే" అన్నాను.

గ్రంథాలయంలో ఉచితంగా వాడుకునే కంప్యూటర్లు ఒక మూలన ఉన్నాయి. తొమ్మిది నెలలు పగలంతా నా కాపురం ఆ మూలే. వీపు వెనక దిండు, చెవిలో పాఠం. పాఠం చెప్పే కుర్రాడు ఎక్కడ కష్టమొస్తే అక్కడ "ఇది చాలా సింపుల్" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నోటుబుక్కులో ఒక చుక్క పెట్టేదాన్ని, ఇక్కడ ఆగి మూడుసార్లు వినాలని. తొమ్మిది నెలలయ్యేసరికి ఆకాశంలో కూడా అన్ని చుక్కలు లేవు. కంప్యూటరు ఎందుకు నెమ్మదిస్తుందో, ప్రింటరు ఎందుకు అలుగుతుందో, ఒక మిషను మాట ఇంకో మిషనుకి ఎందుకు అందదో నేర్చుకున్నాను. మిషన్లూ మనుషుల్లాంటివే. నొప్పి ఒకచోట, రోగం ఇంకోచోట.

దరఖాస్తులు నలభై ఆరు పెట్టాను. ప్రతిదాన్లోనూ మీ డిగ్రీ ఏమిటని ఒక గడి. నొక్కితే పొడుగాటి జాబితా దిగుతుంది. అందులో నా చదువు ఉండదు. చిట్టచివర "ఇతరములు" అని ఉంటుంది. పదహారేళ్లనూ అందులోకి మడిచి పెట్టి పంపేదాన్ని. ఒక్క చోటి నుంచి పిలుపొచ్చింది.

ఇంటర్వ్యూ చేసినతను అక్కడ లీడ్, అంటే ఒక జట్టుకు పెద్ద. నాకన్నా పదేళ్లు చిన్న. నా కాగితం అటూ ఇటూ తిప్పి, "ఒకాయన ఫోన్ చేసి సిస్టమ్ పనిచేయట్లేదని అరుస్తున్నాడు. ముందు ఏం చేస్తారు?" అని అడిగాడు.

"ఎప్పట్నుంచి అని అడుగుతాను" అన్నాను.

అతను కాగితం మీంచి తలెత్తాడు. "వైరు చూస్తామని, రీస్టార్ట్ చేయిస్తామని చెప్తారే అందరూ?"

"అవీ చేస్తాం సార్. కానీ ఎప్పట్నుంచో తెలీకుండా చెయ్యి పెడితే ఏది చూడాలో తెలీదు."

మూడు నెలలు ట్రయల్ మీద తీసుకున్నారు. ఉంచుతారో పంపుతారో ఆ మూడు నెలల చివర చెప్తారు.

పని చెప్పుకుంటే చిన్నదే. ఒక పార్శిల్ కంపెనీకి ఊరూరా డిపోలున్నాయి. వాళ్ల కంప్యూటర్లలో ఏది మొరాయించినా మాకు ఫోన్ చేస్తారు, లేకపోతే రాసి పంపుతారు. ఒక్కో ఫిర్యాదును ఒక టికెట్ అంటారు. పరిష్కారం చెప్పి టికెట్ మూసేయాలి. ఎవరు ఎన్ని మూశారో గోడ మీద పెద్ద తెరలో పేర్ల వరసన కనిపిస్తూ ఉంటుంది. నా పేరు ఎప్పుడూ అడుగునే. దాని కింద ఇంకేమీ ఉండదు, కంపెనీ గుర్తు తప్ప.

ఎందుకో నాకు తెలుసు. నేను చెప్పిన మందు పనిచేసిందో లేదో మర్నాడు ఫోన్ చేసి కనుక్కుంటే గాని మూసేదాన్ని కాదు. పొద్దున తొమ్మిదికి కూర్చుంటూనే నోటుబుక్కు తెరిచి, నిన్నటివాళ్లందరికీ వరసగా ఫోన్. వార్డులో పొద్దుటి రౌండు లాగా. "ఎలా ఉందండీ ఇవాళ?" అంటే అవతలివాళ్లు తికమకపడేవారు. ఒకాయనైతే "బాగానే ఉన్నానమ్మా, మోకాళ్లే కొంచెం..." అని మొదలుపెట్టాడు. మోకాళ్ల సంగతి కూడా విన్నాను.

నా పక్క కుర్చీలో హెడ్‌ఫోన్ల అమ్మాయి. ఇరవై మూడో, ఇరవై నాలుగో. ఇద్దరి మోచేతుల మధ్యా జానెడు దూరం. అయినా ఏదన్నా చెప్పాలంటే నోరు తెరవదు, టైపు చేస్తుంది. నా తెర మూలన టింగుమంటుంది. "ఆంటీ, కొంచెం మెల్లగా. నా కాల్‌లో మీ మోకాళ్లు వినిపిస్తున్నాయి." తల తిప్పి "సరేనమ్మా" అంటే ఆమెకు వినపడదు. సరేనని నేనూ టైపు చేయాలి. మధ్యాహ్నం డబ్బా కూడా ఎవరి తెర ముందు వాళ్లే తెరుస్తారు. వార్డులో పది నిమిషాల్లో, నిలబడే తినేవాళ్లం గాని, ఒకరి డబ్బాలో ఇంకొకరి చెయ్యి ఉండేది.

ఇదివరకు గదికి రాగానే ఫోన్ మోగేది. పిల్లకి జలుబు, ఏ మాత్ర వేయాలని పిన్ని కోడలు. ఆయనకి కళ్లు తిరుగుతున్నాయని ఎదురింటావిడ. అప్పట్లో విసుక్కునేదాన్ని, కాళ్లు కడుక్కోనివ్వరా అని. నేను ఆస్పత్రి మానేశానని తెలిశాక ఆ ఫోన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఉద్యోగంతో పాటు మాత్రల పేర్లు కూడా అక్కడే అప్పజెప్పి వచ్చాననుకున్నారేమో. వార్డు సిస్టర్ల గ్రూపులో నా నంబరు ఇంకా ఉంది. ప్రతి ఆదివారం ఆ వారం డ్యూటీల జాబితా పెడతారు. నా పేరు ఉండదని తెలిసీ చివరిదాకా చదివేదాన్ని.

ఆరో వారంలో తూకం ఆవిడ ఫోన్ చేసింది.

ఒక డిపోలో పార్శిళ్లు తూచి చీటీ అంటించడం ఆమె పని. పెట్టెను తూకం మీద పెడితే కంప్యూటర్లో బరువు కనిపిస్తుంది. మీట నొక్కితే ఆ బరువుతో చీటీ వస్తుంది. అప్పుడప్పుడు ఆ బరువు తప్పు వస్తోందట.

"ఎప్పట్నుంచమ్మా?"

"రెండు నెలలైందండీ. నాలుగుసార్లు చెప్పాను. రీస్టార్ట్ చేయమంటారు. చేస్తే బాగుంటుంది, మర్నాడు మళ్లీ మామూలే. నాదే ఏదో తప్పయి ఉంటుంది లెండి."

"అన్నీ తప్పు వస్తాయా?"

"లేదండీ. రోజు మొత్తంలో ఒక్కటో రెండో."

"ఏ వేళప్పుడు?"

ఆమె వెనకాల ట్రాలీ చక్రాలు కీచుమంటున్నాయి. "అలా ఎవరూ అడగలేదండీ" అంది. "చూసి చెప్తాను."

మూడు రోజులు చూసి చెప్పింది. టీ తాగి వచ్చాక తూచే మొదటి పెట్టె. మధ్యాహ్నం భోజనం చేసొచ్చాక తూచే మొదటి పెట్టె. ఎప్పుడూ అవే. పది నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే ఆ కంప్యూటరు కునుకు తీస్తుంది. లేచాక ఎదురుగా ఉన్న పెట్టె బరువు చెప్పదు, కునుక్కి ముందు తూచినదాని బరువే మళ్లీ చెప్తుంది. దాన్ని సరిచేయడం నా చేతిలో లేదు. పై అంతస్తులో ప్రోగ్రాములు రాసేవాళ్లున్నారు, వాళ్లు చేయాలి. అన్నీ వివరంగా రాసి పంపాను. "వరసలో ఉంది" అని జవాబొచ్చింది.

"అందాకా పని ఆపి వచ్చిన ప్రతిసారీ మొదటి పెట్టెను రెండుసార్లు తూచమ్మా" అని ఆమెకు చెప్పాను. "అది బాగయ్యాక నేనే చెప్తాను. నేను చెప్పేదాకా మానకు."

"మీరే చెప్తారా? అయితే సరేనండీ."

అప్పట్నుంచి పొద్దుటి మొదటి ఫోన్ ఆమెకే. నిన్న టీకి ముందు ఎంత, తర్వాత ఎంత చూపించింది, రెండోసారి తూస్తే ఎంత. ఆమె చెప్పేది, నేను రాసి పైకి పంపేదాన్ని. రెండు నిమిషాల మాట. చివర్లో "ఉంటానండీ, మీరు తిన్నారా?" అని అడిగేది. తొమ్మిదింటికి ఎవరూ అన్నం తినరు. అయినా అడిగేది. రోజు మొత్తంలో ఎవరైనా నన్ను అడిగే మాట అదొక్కటే.

రెండో నెల చివర లీడ్ పిలిచాడు.

"మేడమ్, మీ పని బాలేదని ఎవరూ అనట్లేదు. కానీ ఒక టికెట్‌ని మూడు వారాలు తెరిచి ఉంచితే ఎలా? పరిష్కారం చెప్పారా, మూసేయండి. బాగవకపోతే వాళ్లే మళ్లీ రాస్తారు."

"రాయకపోతే సార్?"

"రాయకపోతే బాగైనట్టే."

"వార్డులో మేం పిలవని రోగి దగ్గరికే ముందు వెళ్లేవాళ్లం సార్."

అతను నవ్వాడు. చెడ్డవాడు కాదు. "ఇక్కడ రోగులు లేరు మేడమ్, టికెట్లున్నాయి. పైవాళ్లు నన్నడిగేది గోడ మీద ఆ నంబరొక్కటే. మూడో నెల చివర కూడా మీ పేరు అడుగునే ఉంటే, మీ తరఫున మాట్లాడ్డానికి నాకు నోరు ఉండదు."

గదికి వచ్చి, నడుము కింద దిండు సర్దుకుని, పైకప్పు చూస్తూ పడుకున్నాను. నలభై ఏడో దరఖాస్తు రాసే ఓపిక నాకు లేదు. మర్నాటి నుంచి పొద్దుటి ఫోన్లు తగ్గించాను. ఇంకో వారానికి తూకం ఆవిడకి తప్ప ఎవరికీ చేయడం లేదు. నా పేరు అడుగు నుంచి లేచి రెండో మెట్టు మీద కూర్చుంది. అక్కణ్ణుంచి కదలదు.

సోమవారం తీర్పు అనగా శుక్రవారం మధ్యాహ్నం చూసుకుంటే నా దగ్గర పద్నాలుగు టికెట్లు తెరిచి ఉన్నాయి. డబ్బా మూత పెట్టి టికెట్లు మూయడం మొదలుపెట్టాను. తొమ్మిది బాగయ్యే ఉంటాయి, అడగడమే తరువాయి. మిగతా ఐదు బాగవలేదని నాకు తెలుసు. వాటికీ అదే వాక్యం అంటించాను, అందరూ అంటించేది. "మీ సమస్య పరిష్కరించబడింది. ధన్యవాదాలు." చివరిది తూకం ఆవిడది. దాని దగ్గర వేలు కాసేపు ఆగింది. తర్వాత నొక్కింది.

గోడ మీద నా పేరు నిచ్చెన ఎక్కినట్టు ఎక్కి, పైనుంచి నాలుగో చోట ఆగింది. తెర మూలన టింగుమంది. "ఆంటీ సూపర్!!!" హెడ్‌ఫోన్ల అమ్మాయి మూడు నెలల్లో మొదటిసారి నా వైపు తిరిగి బొటనవేలు చూపించింది. ఎంత సంతోషమేసిందో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

శనివారం చెల్లెలింటికి వెళ్లాను.

"ఉంచుతారా?" అంది గుమ్మంలోనే.

"ఉంచేలాగే ఉన్నారు."

"చూశావా, నే చెప్పలా!" అంది. పడీ పడీ నవ్విందీ తనే, ముందే చెప్పిందీ తనే. మరిది నాకోసం కుర్చీ లాగి, వెనక్కి దిండు పెట్టాడు. "వదినగారూ, మా ఆఫీసు కంప్యూటరు ఒకటి నెమ్మదిగా నడుస్తోంది, కొంచెం చూడాలి మీరు" అన్నాడు. ఆ ఇంట్లో ఆ మాట కోసం ఏడాది నుంచి కాచుకుని ఉన్నాను. ఎప్పట్నుంచి అని కూడా అడగలేకపోయాను.

అన్నం కలుపుతుంటే పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. వార్డులో కొత్తగా చేరిన పిల్ల ఒకతె, ఇరవై మంచాల జ్వరాల పట్టీ బల్ల దగ్గరే కూర్చుని నింపేసింది. ముత్యాల్లాంటి అంకెలు, అన్నీ మామూలు వేడే. ఒక్క మంచం దగ్గరికీ వెళ్లలేదు. నేను థర్మామీటరు తీసుకుని, ఆ పిల్లను వెంటబెట్టుకుని మొదటి మంచం నుంచి మొదలుపెట్టాను. పదకొండో మంచం దగ్గర ఒళ్లు కాలిపోతోంది. ఆ పిల్ల ఏడ్చింది. "ఏడవకు" అన్నాను. "చూడకపోతే ఖాళీగా వదిలెయ్యి. ఖాళీ కనిపిస్తే నీ తర్వాత వచ్చేది మంచం దగ్గరికి వెళ్తుంది. అంకె కనిపిస్తే వెళ్లదు." ఎంత పెద్దరికంగా చెప్పానో.

"ఏంటక్కా, కూర బాలేదా?" అంది చెల్లెలు.

"బాగుంది" అన్నాను. ఇంకా నోట్లో పెట్టుకోలేదు.

సోమవారం తొమ్మిదిన్నరకు తెర మూలన టింగుమంది. "ఆంటీ, ఈ డిపో మీదే కదా? మళ్లీ వచ్చింది, ఈసారి నాకు పడింది. రీస్టార్ట్ చెప్పి మూసేయనా?" కింద తూకం ఆవిడ రాసింది ఉంది. "బాగైపోయిందని శుక్రవారం మెసేజ్ వచ్చింది. శనివారం మళ్లీ తప్పు వచ్చింది. నేనే ఏదో తప్పు చేసుంటాను. ఎలా చేయాలో చెప్పండి."

లేచి ఆ అమ్మాయి భుజం తట్టాను. ఉలిక్కిపడి ఒక చెవి ఖాళీ చేసుకుంది. "మూయకమ్మా. నేను మాట్లాడతాను" అన్నాను.

"మీరాండీ!" అంది తూకం ఆవిడ. ఆ గొంతులో సంతోషం వినలేక ఫోన్ కొంచెం దూరం పెట్టుకున్నాను. "మెసేజ్ రాగానే అనుకున్నాను, మీరు చేయించారని. అందుకే శనివారం టీ తర్వాత ఒక్కసారే తూచాను. ముందు తూచింది గుడ్డల మూట, రెండు కిలోలు. తర్వాతది ఇనప సామాను పెట్టె. దానికీ రెండే వచ్చింది. నేను చూసుకోలేదు. లోడింగు అతను చీటీ చూసి, తేలికేనని ఒక్క చేత్తో లాగాడు. అక్కడే కూలబడిపోయాడండీ, నడుం పట్టుకుని."

"కాళ్లు కదుపుతున్నాడా? తిమ్మిర్లు ఉన్నాయా? మూత్రం ఆగిపోవడం లాంటిదేమన్నా?"

"అవన్నీ లేవండీ. డాక్టరు చూశాడు. నడుస్తున్నాడు గాని వంగలేడు. వారం పడుకోమన్నారు." ఆమె గొంతు తగ్గించింది. "మా సూపర్‌వైజరు ఆ మెసేజ్ చూపిస్తున్నాడండీ. మిషను బాగైందని వాళ్లు రాశారు, మరి తప్పెవరిదీ అంటున్నాడు."

"నాది" అన్నాను. "అది బాగవలేదమ్మా. బాగవలేదని తెలిసే బాగైందని రాశాను. ఆ మాట మీ సూపర్‌వైజరుకి ఇప్పుడే రాసి పంపుతాను."

అవతల ట్రాలీ చక్రాలు కీచుమంటూ దాటిపోయాయి. తర్వాత "ఎందుకండీ?" అంది. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. జవాబు గోడ మీద ఉంది, పైనుంచి నాలుగో పేరు. దాన్ని ఫోన్లో ఎలా చెప్పడం?

"మళ్లీ రెండుసార్లు తూచమ్మా, నేను..." అన్నాను.

"సరేనండీ" అని పెట్టేసింది. మీరే చెప్తారా అని అడగలేదు. తిన్నారా అనీ అడగలేదు.

సూపర్‌వైజరుకి రాశాను. ఐదు టికెట్లూ మళ్లీ తెరిచాను. మిగతా నలుగురికీ ఫోన్ చేసి చెప్పుకున్నాను. ఇద్దరు తిట్టారు, ఒకరు ఎత్తలేదు, ఒకాయన తన టికెట్ మూసినట్టే గమనించలేదు. మధ్యాహ్నానికి గోడ మీద నా పేరు నిచ్చెన దిగొచ్చి పాత మెట్టు మీదే కూర్చుంది.

నాలుగింటికి లీడ్ పిలిచాడు. గదిలోకి వెళ్లేసరికి నవ్వుతూ ఉన్నాడు. శుక్రవారం లెక్క అతని ముందు కాగితం మీద ఉంది.

"చివర్లో అదరగొట్టారు మేడమ్."

"సార్, అందులో ఐదు దొంగవి. పొద్దున తెరిచేశాను. ఇప్పటి నంబరు చూడండి."

చూశాడు. నవ్వు మెల్లగా పోయింది. డిపో సంగతి మొత్తం చెప్పాను. చెప్పినంతసేపూ పెన్ను మూత పెడుతూ తీస్తూ విన్నాడు.

"ఇది మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు" అన్నాడు.

"అవును సార్."

"వాళ్ల సూపర్‌వైజరుకి రాశారా? పంపేశారా?"

"పంపేశాను."

చేత్తో నుదురు పట్టుకున్నాడు. "కంపెనీ నుంచి ఎవరూ అలా రాయరు మేడమ్. తప్పు మాది అని రాయాలంటే ముందు పైన నలుగురిని అడగాలి."

"వార్డులో అయితే..." అని మొదలుపెట్టి ఆపేశాను. ఆ మాటతో ఇతని ప్రాణం ఎన్నిసార్లని తీస్తాను!

అతను తన తెర వైపు తిరిగాడు. పై అంతస్తుకి నేను పంపినవన్నీ ఒక్కొక్కటే తెరిచి చదివాడు. ఏ రోజు, ఏ వేళ, టీకి ముందు ఎంత, తర్వాత ఎంత. ముప్పైకి పైగా వరసలు. చాలాసేపు పట్టింది. నేను నడుము మార్చి మార్చి కూర్చున్నాను.

"ఇదంతా మీరు పట్టుకున్నారా?"

"ఆవిడ చూసి చెప్పింది. నేను రాశాను."

"పైవాళ్లు?"

"వరసలో ఉందన్నారు సార్."

పెన్ను కింద పెట్టాడు. "ఉంచమని రాస్తే ఈ నంబరుతో ఒప్పుకోరు. పంపేయమని రాయడానికి నాకు చెయ్యి రావట్లేదు. ఇంకో నెల ట్రయల్ అని రాస్తాను. ఈ తూకం సంగతి నేనే పైకి తీసుకెళ్తాను. కానీ నెల తర్వాత మళ్లీ ఇదే గోడ, మేడమ్. అది నేను మార్చలేను."

"సరే సార్."

లేచి తలుపు దాకా వెళ్లాక మళ్లీ పిలిచాడు. "ఇంకోటి. దొంగవి అన్న మాట ఎక్కడా రాయకండి. దండం పెడతాను."

ఐదున్నరకు అందరూ లేస్తున్నారు. కుర్చీ బల్ల కిందికి తోసి నోటుబుక్కు సంచిలో పెట్టుకుంటుంటే, హెడ్‌ఫోన్ల అమ్మాయి వెళ్లకుండా నిలబడి ఉంది. హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుంది.

"ఆంటీ" అంది, నోటితో. "ఆ డిపో పాత టికెట్‌ని కొత్తదాంట్లో కలిపేశారు, అది నా పేరు మీదే ఉండిపోయింది. రేపు ఆవిడ ఫోన్ చేస్తే నేనేం చెప్పాలి?"

నోటుబుక్కు మళ్లీ బయటికి తీశాను గాని తెరవలేదు.

"ఫోన్ ఆవిడ చేయదు, నువ్వే చెయ్యాలి. తొమ్మిదింటికి. తర్వాతైతే వాళ్ల లారీలు వస్తాయి, మాట వినపడదు. పని ఆపి వచ్చినప్పుడల్లా మొదటి పెట్టెకే తప్పు వస్తుంది. రెండుసార్లు తూస్తోందా లేదా అడుగు. తప్పు నాదేనండీ అంటుంది, నమ్మకు. లోడింగు అతని నడుం ఎలా ఉందో కూడా అడుగు. బాగయ్యేదాకా బాగైందని మాత్రం రాయకు."

"ఇదంతా టికెట్లో ఏ గడిలో రాయాలి?"

"గడి లేదమ్మా. అందుకే నోటితో చెప్పడం."

తల ఊపింది. "సరే ఆంటీ" అని హెడ్‌ఫోన్లు చెవులకి ఎక్కించుకుని వెళ్లిపోయింది. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. రేపటికి ఎంత గుర్తుంటుందో తెలీదు.

బస్సులో ఉండగా చెల్లెలు ఫోన్ చేసింది. "ఏమన్నారక్కా?"

"ఇంకో నెల చూస్తారట."

"అంటే ఉద్యోగం ఉన్నట్టా, లేనట్టా?"

"అబ్జర్వేషన్‌లో పెట్టారు."

నవ్వింది. తర్వాత ఆపి, "మరి శనివారం ఉంచుతారన్నావు?" అంది.

"చూడకుండా చెప్పాను."

"అదేంటి?" అంది. అంతలోనే "ఉండక్కా, పాలు పొంగుతున్నాయి, మళ్లీ చేస్తా" అని పెట్టేసింది. చేయదని తెలుసు. దాని సంసారం దానిది.

గదికి వచ్చి లైటు వేసి, నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని, పొద్దున ఫోన్ చేయాల్సినవాళ్ల పేర్లు రాసుకున్నాను. అలవాటు కొద్దీ మొదట తూకం ఆవిడ అని రాశాను. ఇక ఆ ఫోన్ నాది కాదు. ఒక గీత గీసి కొట్టేశాను. అప్పజెప్పాక బరువు దిగాలి. దిగుతుందేమోనని కాసేపు చూశాను. ఎదురింటి తీగ మీద బట్టలు ఇంకా తీయలేదు.

మిగతా నలుగురి పేర్లూ రాయడం మొదలుపెట్టాను.